ఆయన ‘నాయనా’ అంటే వణికేవాళ్ళం

మిలటరీలో పై మనిషి నోరు కరకుగా ఉండాలా మెత్తగా ఉండాలా అని మా కొండఊరు పితోరాగఢ్ బజార్లో పింఛను ముసలాళ్ళు రోజూ కొట్టుకు చస్తారు. వీపుకి ఎండ తగిలేలా టీకొట్టు బల్లల మీద కూర్చుంటారు. "ఇప్పటి సుబేదార్లకు నోరు పడిపోయిందిరా, జవానును బతిమాలుకుంటున్నారు, ఇంక యుద్ధాలేం చేస్తారు" అని ఒకడంటాడు. "తిడితే వినేది గాడిద, జవాను కాదు" అని ఇంకొకడు లేస్తాడు. నాకు ఒళ్ళు మండిపోతుంది. గ్లాసు బల్ల మీద కొట్టి లేచొచ్చేస్తాను. వీళ్ళలో ఒక్కడూ సుబేదార్ ఖీమ్ సింగ్ ధపోలా కింద పని చెయ్యలేదు. చేసుంటే ఆ ముక్క అంత తేలిగ్గా నోట్లోంచి రాదు.

నేను చేశాను. తుపాకీతో కాదు, గరిటెతో. నా పేరు బచీ సింగ్, బచీ అంటే బతికి మిగిలినవాడు. నాకు ముందు పుట్టినవాళ్ళంతా పురిట్లోనే పోయారట. నేనొక్కణ్ణే బతికి బట్టకట్టానని మా అమ్మ ఆ పేరు పెట్టింది. చావు తప్పించుకుని పుట్టినవాడికి ధైర్యం ఎక్కువని జనం అనుకుంటారు. ఉత్తమాట. నాకు చిన్నప్పట్నుంచీ అన్నీ భయాలే.

ఆ భయాలన్నీ చాలవన్నట్టు మమ్మల్ని మంచునది మీది పోస్టుకు పంపారు. ఎదురు కొండ మీద శత్రువు ఉన్నాడనేవాళ్ళు, నాకైతే ఏనాడూ కనబడలేదు. నాకు కనబడిందంతా మంచే. మధ్యాహ్నం కాస్త ఎండ కాస్తే చాలు, కింద ఎవరో బరువైన ట్రంకుపెట్టె ఈడుస్తున్నట్టు మంచు మూలిగేది. ఇప్పుడు తెరుచుకుంటుందా, ఇప్పుడు మింగుతుందా అని గరిటె పట్టుకుని అలాగే బిగుసుకుపోయేవాణ్ణి. కుర్రాళ్ళు నన్ను చూసి నవ్వేవాళ్ళు. ఆ మూలుగు ఆగాకే నవ్వేవాళ్ళు, అదీ సంగతి.

ఆ మూలుగుకీ గాలికీ నా స్టవ్ రొదకీ పైన ఒకే గొంతు వినబడేది. ఖీమ్ సింగ్ సాబ్ గొంతు.

"ఒరే దున్నపోతా, తాడు కట్టేది అలాగేనట్రా? మీ నాన్న గేదెను ఇంతకంటే గట్టిగా కడతాడు కదరా!"

"ఏరా హయాత్, టోపీ లేకుండా ఊరేగుతున్నావు? లోపల మెదడు లేదు కాబట్టి జలుబు చెయ్యదనుకున్నావా?"

"బచీగా, ఇది పప్పా, కాలవ నీళ్ళా? ఇందులో గహత్ ఉలవ గింజ ఎక్కడుందో వెతకడానికి గస్తీ పంపాలా?"

లేచిన దగ్గర్నుంచి ఇదే వరస. ఎవర్నీ వదిలేవాడు కాదు. ఎదురుగా అందరం "హా సాబ్" అనేవాళ్ళం, వెనకాల సిసూణ్ సాబ్ అనేవాళ్ళం. సిసూణ్ అంటే మా కొండల్లో రాళ్ళ సందుల్లో పెరిగే దురద ఆకు. తగిలితే తేలు కుట్టినట్టే ఉంటుంది. ఆ ఆకునే మా ఆడవాళ్ళు పట్టకారుతో తెంపి, ఉడకబెట్టి కూర చేస్తారు. సాబ్‌ని ఉడకబెట్టడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. ఇంటికి ఫోన్ కలిసిన రోజున మాత్రం వాళ్ళావిడ అవతలి నుంచి దులిపేస్తుంటే ఈయన చేతులు కట్టుకుని "సరే, సరేలేవే" అనేవాడు. మేం గోడకు చెవులు ఆనించి పండగ చేసుకునేవాళ్ళం.

నాకో జబ్బుండేది. ఆయన గొంతు నాకు అచ్చంగా పలికేది. రొట్టెలు కాలుస్తూ, మెడ బిగించి, ఆయనలాగే ముక్కుతో గాలి పీల్చి మొదలుపెట్టేవాణ్ణి. "ఒరే మసిమొహాల్లారా! ఇది పోస్టా, మీ అత్తారిల్లా?" కుర్రాళ్ళు పొట్ట పట్టుకుని దొర్లేవాళ్ళు. అందరికంటే ఎక్కువ నవ్వేవాడు చంచల్ సింగ్ మహర్. సోర్ లోయవాడు, కొత్తగా పెళ్ళయినవాడు. వాడికి సాబ్ అంటే హడల్. అందుకే నా వేషం చూస్తే అంత సంబరం. ఓసారి నేను జోరుమీద ఉండగా నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. వెనక్కి తిరిగితే గుమ్మంలో సాబే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"చివర్లో గొంతు తగ్గించావు. నేను తగ్గిస్తానా? తిడితే కడదాకా తిట్టరా, గరిటె వెధవా," అని టీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు.

తిట్టు మాకు భయం కాదు. అది ముందు చెప్పాలి. మా భయం ఇంకొకటి. ఆయన ‘నాయనా’ అంటాడేమోనని భయం.

పోయిన దఫా అక్కడే ఒక జవానుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. గాలి తగ్గితే హెలికాప్టర్ వస్తుందని ఎదురుచూస్తూ సాబ్ వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని "ఏం కాదు నాయనా, కాస్త తాగు నాయనా" అని నీళ్ళు పోశాడు. హెలికాప్టర్ వచ్చేలోపు వాడు పోయాడు. తర్వాత ఒకడికి జ్వరం తలకెక్కింది. వాణ్ణీ నాయనా అనే కిందికి పంపాడు. వాడూ తిరిగి రాలేదు. అంతే, మా కొండవాళ్ళ బుర్రల్లో ఆ మాట దెయ్యంలా కూర్చుంది. సాబ్ వెధవా అన్నాడంటే నువ్వు బతికున్నట్టు. నాయనా అన్నాడంటే నీకు నీళ్ళు వదిలేసినట్టు. కొండంత మనిషి, హవల్దార్ హయాత్ సింగ్ కూడా గోలూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ, "స్వామీ, ఏదిచ్చినా ఇవ్వు, సాబ్ నోటి వెంట నాకు ఆ మాట మాత్రం ఇప్పించకు" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ కళ్ళల్లో నవ్వుండేది కాదు.

ఒక మధ్యాహ్నం వంటగుడిసెలో మేమిద్దరమే ఉన్నప్పుడు ధైర్యం చేసి అడిగాను. "సాబ్, మీకు ఈ నోరు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మా అమ్మ దగ్గర్నుంచి," అన్నాడు.

ఆయనది గంగోలీహాట్ పైన ఒక ఊరు. అక్కడ ఆడవాళ్ళు గడ్డి కోసేది గోడలా నిలువుగా ఉండే వాలు మీద. కాలు జారితే కింద ఏరు. కొడవలి ఆడిస్తున్నంతసేపూ ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉంటారట. నీ మొగుడు ముక్కిడివాడని ఒకతి అరుస్తుంది, నీ చూడిగేదె నయమే నీకంటే అని ఇంకొకతి అరుస్తుంది. తిట్టుకు తిట్టు బదులొస్తోందంటే మనిషి తెలివిలో ఉన్నట్టు, కాలు కుదురుగా ఉన్నట్టు. బదులు రాకపోతే అందరూ కొడవళ్ళు ఆపి చూస్తారు.

"మా అమ్మంత నోరు ఆ కొండ మీద ఎవరికీ లేదురా. మా పిన్ని ఒకరోజు జారి, వేరు పట్టుకుని వేలాడింది. చేతికందదు. నేను పైన మేకల దగ్గరున్నాను, పిల్లవాణ్ణి. మా అమ్మ ఆ ఒక్క రోజే మెత్తగా మాట్లాడింది. ‘ఏం కాదు చెల్లీ, భయపడకు చెల్లీ’ అంది. అంటూనే ఉంది. పిన్ని చెయ్యి వదిలేసింది."

టీ చల్లారిపోయింది. నేను మళ్ళీ వెచ్చబెట్టబోతే వద్దన్నాడు.

"పోయేవాళ్ళతో మెత్తగా మాట్లాడాలిరా బచీ. ఉండేవాళ్ళను తిట్టాలి. నాకు తెలిసింది అంతే."

ఆ పోస్టులో అన్నిటికంటే పెద్ద తిట్ల పండగ పాదాల తనిఖీ. పొద్దున్నే అందరూ బల్ల మీద వరసగా కూర్చుని మేజోళ్ళు విప్పాలి. మంచుకాటు మొదట వేళ్ళనే పడుతుంది. స్పర్శ పోతుంది, తర్వాత నల్లబడుతుంది, తర్వాత కోసెయ్యాలి. సాబ్ టార్చి వేసి ఒక్కొక్క వేలూ గోటితో నొక్కి "తెలుస్తోందా?" అనేవాడు. తెలియట్లేదన్నవాడి పని అయిపోయేది. "మేజోళ్ళు ఆరబెట్టుకోవడం కూడా రాదట్రా దద్దమ్మా? మీ ఆవిడకు రాసిస్తా, మొగుణ్ణి కాదు పసిబిడ్డను కట్టబెట్టారని!" అని పోస్టంతా వినబడేలా మొదలుపెడితే సాయంత్రం దాకా వదిలేవాడు కాదు. తిట్టినా మందు రాసేది ఆయనే, కిందికి పంపించేదీ ఆయనే. కానీ ఆ తిట్లు పడటానికి మొండివాళ్ళు ఉండాలి.

ఇంకో సంగతి. మా గుడిసెల్లో వెచ్చదనమంతా కిరసనాయిలుదే. దాని మసి గోడలకు, మొహాలకు, కాళ్ళకు. ఉమ్మితే నల్లగా పడేది. అందుకే సాబ్ రోజూ "కాళ్ళు కడుక్కోండ్రా మసివెధవల్లారా" అని అరిచేవాడు. రోజూ సాయంత్రం ఆయనకు ఉప్పు వేసిన వేణ్ణీళ్ళు ఒక తొట్టి పెట్టేవాణ్ణి, కాళ్ళు పెట్టుకోడానికి. ఆ చలికాలం మధ్యలో ఆయన ఆ తొట్టి కుర్రాళ్ళ గుడిసెకు పంపెయ్యడం మొదలెట్టాడు. "నాకెందుకురా, ముసలి తోలు" అనేవాడు. నేను పట్టించుకోలేదు.

ఒకరోజు హెలికాప్టర్ కిరసనాయిలు డబ్బాలు పడెయ్యాల్సిన చోట కాకుండా అవతలి వాలు మీద పడేసి పోయింది. అవి లేకపోతే పోస్టు గడ్డకట్టుకుపోతుంది. మబ్బు కమ్మేలోపు తేవాలి. మనుషులు తక్కువ, నేనూ వెళ్ళాల్సి వచ్చింది. ముందు హయాత్ ఇనప కడ్డీతో మంచును పొడుస్తూ, వెనక సాబ్, తర్వాత చంచల్, ఆఖర్న నేను. నడుముకు ఒకే తాడు. ముందువాడి అడుగులోనే వెనకవాడు అడుగెయ్యాలి. జానెడు పక్కకు వేశావో, కింద ఏముందో ఎవరికీ తెలియదు. మంచులో నెర్రెలుంటాయి, పైన పల్చటి పొర కప్పేసి ఉంటుంది.

నేను దేవుళ్ళందర్నీ తలుచుకుంటూ నడుస్తున్నాను. "బచీగా, పెదాలు ఆడించడం ఆపి కాళ్ళు ఆడించరా!" అని ముందు నుంచి కేక. నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే చంచల్ కాళ్ళు చూశాను. వాడి కుడికాలు అడుగులో కాకుండా అంచు మీద పడుతోంది. కేకెయ్యడానికి నోరు తెరిచాను.

చంచల్ లేడు.

చప్పుడు లేదు, అరుపు లేదు. మనిషి ఉన్నచోట నల్లటి కంత. మరుక్షణం తాడు నన్ను బోర్లా పడేసి ఈడ్చుకుపోయింది. మొహమంతా మంచు. మంచుగొడ్డలి ఎలా గుచ్చానో నాకే తెలియదు. కంతకు ఇటు నేను, అటు సాబ్, హయాత్. మధ్యలో మా ముగ్గురికీ వేలాడుతూ వాడు. నడుము తెగిపోతోంది. నేను గట్టిగా ఏడ్చాను, దాంట్లో సిగ్గేముంది.

సాబ్ తన గొడ్డలి దిగ్గొట్టి తాడు బిగించాడు. హయాత్‌కు పట్టిచ్చి, బోర్లా పాక్కుంటూ అంచు దాకా పోయాడు. ఉచ్చు వేసిన ఇంకో తాడు కిందికి వదిలాడు. ముగ్గురం లాగినా బరువు మనిషిని అంచు దాటించలేం. వాడు ఉచ్చులో కాలు పెట్టి, రెండో కాలి బూటుకు కట్టిన ఇనప పళ్ళతో మంచుగోడను తన్నుకుంటూ రావాలి. అలా వస్తే బతుకుతాడు. రాకపోతే ఎంతసేపు పట్టుకోగలం? మబ్బు అప్పుడే ఎదురు కొండను మింగేసింది.

కింద నుంచి చంచల్ గొంతు సన్నగా వచ్చింది. "సాబ్... కాళ్ళు ఉన్నాయో లేదో తెలీట్లేదు సాబ్."

అప్పుడు అన్నాడు సాబ్. ఎంత మెత్తగా అన్నాడో! ఆ గొంతు ఆయనదేనంటే నమ్మలేం.

"ఏం కాదు నాయనా. నేనున్నాను. భయపడకు నాయనా."

తాడు బరువెక్కింది. నాకు నడుము దగ్గర తెలిసింది. అప్పటిదాకా కొట్టుకుంటున్న మనిషి ఒక్కసారిగా మూటలా వేలాడబడ్డాడు. తర్వాత, "సాబ్, పై పొలం అమ్మొద్దని మా అమ్మకు చెప్పండి. మా ఆవిణ్ణి పుట్టింటికి పంపించెయ్యమనండి," అన్నాడు. ఏడవలేదు కూడా. ఊరెళుతూ పనులు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు.

వాడికంటే నాకు ఒక ముక్క ఎక్కువ తెలుసు. గడ్డివాలు సంగతి తెలుసు. సాబ్ వాడికి ధైర్యం చెప్పడం లేదు. వాడు పోయాడనుకున్నాడు, సాగనంపుతున్నాడు.

"తిట్టండి సాబ్!" అని అరిచాను. "తిట్టండి! వాణ్ణి తిట్టండి!"

సాబ్ తల తిప్పి నన్ను చూశాడు. అర్థమైంది ఆయనకు. నోరు తెరిచాడు. ఆవిరి వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. రోజల్లా కుండపోతగా తిట్టే మనిషికి ఆ ఒక్క ఘడియలో ఒక్క వెధవా దొరకలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారి మీసం మీద గడ్డకడుతున్నాయి. మేకల దగ్గర నిలబడి కిందికి చూస్తున్న పిల్లవాడి మొహం అది.

అంచు కింద మంచు పటపటమంది. నాకు పిచ్చెక్కింది. మెడ బిగించాను. ముక్కుతో గాలి పీల్చాను.

"ఒరేయ్ చంచల్! మసిమొహం వెధవా! ఉయ్యాలూగడానికి అదేనట్రా చోటు? నా కిరసనాయిలు డబ్బా మీ మావగారు మోస్తాడా? ఉచ్చులో కాలు పెట్టు! పెట్టరా అడ్డగాడిదా!"

నా గొంతు కాదది. అచ్చంగా సాబ్‌దే. అవతల హయాత్ ఉలిక్కిపడి సాబ్ వంక చూశాడు.

కింద నుంచి బదులు లేదు.

"వినబడలేదట్రా, నీ దుంప తెగా? నువ్వు చచ్చావంటే నీ తద్దినం ఖర్చు నీ జీతంలో కోయిస్తా! తన్ను గోడని! పెళ్ళిలో పెళ్ళాన్ని చూసి ఇలాగే నీరుగారిపోయావా? తన్నరా సన్నాసీ!"

"హా సాబ్," అంది కంత.

అలవాటు అది. తిట్టుకు బదులు. తర్వాత ఠక్కుమని ఇనప పళ్ళు మంచులో దిగిన చప్పుడు. నేను ఆపలేదు. చివర్లో గొంతు తగ్గించలేదు. వాణ్ణీ, వాడి మావనీ, వాడి లోయనీ, వాడి లోయలో మేకల్నీ కడదాకా తిట్టాను. ఒక్కో తిట్టుకీ ఒక "హా సాబ్", ఒక ఠక్కు. హయాత్ లాగుతున్నాడు, నేను లాగుతున్నాను. టోపీ కనబడింది, తర్వాత మొహం. సాబ్ రెండు చేతులతో వాడి కాలరు పట్టి పైకి ఈడ్చి, వాడి మీద అడ్డంగా పడిపోయాడు. చాలాసేపు లేవలేదు.

డబ్బాలు అక్కడే ఉండిపోయాయి. ఎలాగో గుడిసెకు చేరాం. చంచల్ బూట్లు విప్పి వేణ్ణీళ్ళతో కడిగాను. నీళ్ళు నల్లగా దిగాయి, అది మసి. ఇంకా కడిగాను. వేళ్ళ నలుపు మాత్రం వదల్లేదు. కుడికాలి వేళ్ళన్నీ బొగ్గుముక్కల్లా ఉన్నాయి.

సాబ్ వాడి పక్కన కూలబడ్డాడు. "ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్ళయింది సాబ్. తనిఖీకి ముందు స్టవ్ మసి రెండు కాళ్ళకూ పూసుకునేవాణ్ణి. మీరు మసికి తిట్టి వదిలేసేవారు. గోటితో నొక్కితే తెలుస్తోందనేవాణ్ణి."

"చెప్పొచ్చు కదరా."

వాడు దాచుకోకుండా చెప్పేశాడు. "మీరు తిడతారని సాబ్. అందరి ముందూ." అని, సాబ్ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "కానీ మీ తిట్టే కదా సాబ్ నన్ను పైకి లాగింది! ముందు మీరు నాయనా అన్నారా, అయిపోయింది అనుకున్నా. చేతులు వదిలేశా. అప్పుడు తిట్టారు చూడండి, ఓహో, సాబ్ తిడుతున్నాడంటే నేను ఉన్నట్టే అనుకున్నా. మీ నోరు చల్లగుండాలి సాబ్. నా ప్రాణం మీ నోరు పెట్టిన భిక్ష."

హయాత్ తల దించుకున్నాడు. నేను స్టవ్‌కు గాలి కొట్టడం మొదలెట్టాను, అవసరం లేకపోయినా. సాబ్ తన చెయ్యి వాడి చేతుల్లోంచి తీసుకోలేదు. నా వైపు చూడలేదు. వాణ్ణి నెర్రెలోకి తోసిన నోరు ఎవరిదో, పైకి లాగిన నోరు ఎవరిదో ఆ గుడిసెలో ముగ్గురికి తెలుసు.

మర్నాడు పొద్దున మబ్బు విడింది, హెలికాప్టర్ వచ్చి నాలుగు కిరసనాయిలు డబ్బాలు దింపి, చంచల్‌ను తీసుకుపోయింది. మిగతావాళ్ళం పాదాల తనిఖీకి బల్ల మీద కూర్చున్నాం. సాబ్ టార్చి తేలేదు. నా చేత వేణ్ణీళ్ళ తొట్టి పెట్టించుకుని, ఖాళీ డబ్బా మీద కూర్చుని, మొదట హయాత్ కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. చేత్తో మసి కడగడం మొదలెట్టాడు. ఒక్క తిట్టూ లేదు.

"చెప్పు నాయనా," అన్నాడు.

బల్ల మీద అందరికీ ఊపిరి ఆగింది. కొండంత హయాత్ మొహం పాలిపోయింది. "సాబ్... నాకేం కాలేదు కదా సాబ్? నేను బాగానే ఉన్నాగా?"

"నాకేం తెలుసు? నువ్వు చెప్పాలి. తిట్టను. చెప్పు నాయనా."

హయాత్ చూపు నేల మీదే ఉంది. "చిటికెన వేలు సాబ్. కొన్నాళ్ళుగా... తెలీట్లేదు."

హయాత్ కూడానా! తర్వాతవాడు వణుకుతూ మడమ చూపించాడు. ఇంకొకడు రెండు వేళ్ళు. ఒక్కొక్కడూ ఏడుపు మొహంతో, చావు కబురు చెప్పుకుంటున్నట్టు చెప్పుకున్నాడు. అన్నాళ్ళూ ఆ గుడిసెలో తిట్ల మధ్య మేం నవ్వుకుంటూ బతుకుతున్నామనుకున్నాను. మసి కింద ఎంత దాగుందో ఆ పొద్దున చూశాను. మంచు మూలుగు ఎప్పుడూ నన్ను అంత భయపెట్టలేదు.

నా కాళ్ళు బాగున్నాయి, ఎప్పుడూ స్టవ్ దగ్గరుంటాను కాబట్టి. తొట్టి ఎత్తబోతూ ఆగాను. రోజూ సాయంత్రం ఆ తొట్టి కుర్రాళ్ళ గుడిసెకు ఎందుకు పోతోందో అప్పుడు తట్టింది.

"సాబ్, మీ బూట్లు విప్పండి."

"నోర్ముయ్ రా గరిటె వెధవా!" అని గర్జించాడు. "వంటవాడు నన్ను తనిఖీ చేస్తాట్ట! పో, పోయి రొట్టెలు కాల్చు!"

ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. బల్ల మీద అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఒకడు నవ్వాడు కూడా. కానీ సాబ్ లేచి వెళ్ళిపోలేదు, ఆ డబ్బా మీదే కూర్చున్నాడు. నేను కింద కూర్చుని ఆయన బూటు ముడి పట్టుకున్నాను. తన్నుతాడేమో అనుకున్నాను. తన్నలేదు. మేజోడు తోలుకు అంటుకుపోయింది. వేణ్ణీళ్ళు పోస్తూ మెల్లగా ఒలిచాను.

వేళ్ళు కాదు. సగం పాదం నల్లగా ఉంది.

"ఎప్పట్నుంచి సాబ్?"

"ఎవరికి చెప్పనురా?" అన్నాడు.

నాకు వల్లమాలిన కోపం వచ్చింది. ముసలి మొండివాడా, అందరి కాళ్ళూ నొక్కి చూశావు కదరా, అని ఆయన గొంతుతోనే ఆయన్ని దులిపెయ్యాలని మెడ బిగించాను. ముక్కుతో గాలి పీల్చాను. ఆ పాదం నా రెండు చేతుల్లో రాయిలా చల్లగా ఉంది. నొక్కితే ఆయనకు తెలియడం లేదు.

"ఏం కాదు నాయనా," అన్నాను. నా ప్రమేయం లేకుండా వచ్చేసింది.

సాబ్ మొహంలో రక్తం ఇంకిపోయింది. ఆయన భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"తిట్టరా బచీ," అన్నాడు. "తిట్టరా."

నాకు ఒక్క తిట్టూ గుర్తుకు రాలేదు.